లీన్ పాటిస్తే పర్యావరణానికి నిజంగా మేలేనా?

ప్రశ్న: మా ప్లాంట్‌లో లీన్ (అడుగడుగునా వృథా తగ్గించే ఉత్పత్తి పద్ధతి) మొదలుపెట్టి ఏడాదైంది. స్టాక్ తగ్గింది, స్క్రాప్ తగ్గింది, కరెంటు బిల్లు మాత్రం దాదాపు అలాగే ఉంది. వృథా తగ్గితే కాలుష్యమూ దానంతటదే తగ్గుతుందనుకున్నాను. పొరపాటు ఎక్కడుంది?

జవాబు 1: లీన్‌కు పునాది వేసిన టొయోటా ఇంజనీరు తైచీ ఓనో చెప్పిన ఏడు వృథాల్లో అధిక ఉత్పత్తి, ఎదురుచూపు, రవాణా, లోపాలు వగైరా ఉన్నాయి గానీ కరెంటు, నీళ్లు, పొగ అని విడిగా లేవు. అందుకే వాల్యూ స్ట్రీమ్ మ్యాప్ (ముడిసరుకు నుంచి తయారైన వస్తువు దాకా ప్రతి దశనూ చూపే పటం) గీసేటప్పుడు ప్రతి స్టేషన్ కింద సమయంతో పాటు యూనిట్లు, లీటర్లు కూడా రాయండి, ఊరికే తిరుగుతున్న మెషిన్ ఏదో అప్పుడు తెలుస్తుంది.

జవాబు 2: ముందు కంప్రెసర్ (కరెంటుతో గాలిని ఒత్తిపట్టి మెషిన్లకు పంపే యంత్రం) చూడండి. షిఫ్ట్ అయిపోయి అన్నీ ఆపేశాక లైన్ పక్కన నిలబడితే ఏదో ఒక జాయింట్ దగ్గర బుస్సుమని గాలి పోతుంటుంది, సబ్బు నీళ్లు రాస్తే బుడగలొస్తాయి. పట్టించుకోని చోట కంప్రెసర్ గాలిలో 20 నుంచి 30 శాతం ఇలాగే పోవచ్చు.

జవాబు 3: జస్ట్ ఇన్ టైమ్ (నిల్వ పెట్టకుండా అవసరమైనప్పుడే సరుకు తెప్పించుకోవడం) పేరుతో సగం ఖాళీ లారీలు రోజుకు నాలుగుసార్లు తిరిగితే స్టాక్ తగ్గినా డీజిల్ పెరుగుతుంది, అది మీ బిల్లులో కనిపించదు కాబట్టి ఎవరూ అడగరు. దగ్గర దగ్గరగా ఉన్న సప్లయర్ల సరుకు ఒకే ట్రిప్పులో తెప్పించండి.