కాచిగూడ స్టేషన్‌లో రెండు గంటలు: అమ్మకు ఏం చూపించవచ్చు?

ప్రశ్న: అమ్మతో మహబూబ్‌నగర్ నుంచి వస్తున్నాను. కాచిగూడలో దిగి సికింద్రాబాద్‌లో మరో రైలు ఎక్కాలి. మధ్యలో రెండు గంటలుంటాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. పాత భవనం చూపించాలని ఉంది. ఎలా?

జవాబు 1: తప్పకుండా చూపించండి. మా నాన్నగారు రైల్వే ఉద్యోగి, నేను ఆ చుట్టుపక్కలే పెరిగాను. చాలామంది ప్లాట్‌ఫారం దిగి, ఆటో ఎక్కి, తల ఎత్తకుండానే వెళ్లిపోతారు. నాకది బాధ. బయటికి వచ్చి, ఎదురుగా కాస్త దూరంలో నిలబడి చూడండి: గుమ్మటం, మినార్లు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. 1916లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టారు. ఒకప్పుడు ఇది మీటర్ గేజ్ (పట్టాల మధ్య ఎడం ఒక మీటరే ఉండే లైన్) స్టేషన్. ఇటు మహారాష్ట్రలోని మన్మాడ్, అటు రాయలసీమలోని ద్రోణాచలం (డోన్) వెళ్లే బండ్లు ఇక్కడి నుంచే బయలుదేరేవి. మీ అమ్మగారికి ఆ చిన్న పట్టాల బండ్లు గుర్తుండవచ్చు, అడగండి. మా నాన్నగారైతే ఆ కబుర్లు మొదలుపెడితే అన్నం చల్లారిపోయేది.

జవాబు 2: సికింద్రాబాద్‌కు ఎంఎంటీఎస్ (నగరంలో తిరిగే లోకల్ రైలు) ఉంది. ఫలక్‌నుమా నుంచి వచ్చేది ఎక్కితే విద్యానగర్, ఆర్ట్స్ కాలేజీ, సీతాఫల్‌మండి మీదుగా వెళుతుంది. అయితే రైళ్ల మధ్య ఎడం ఎక్కువ, వేళలు ముందే చూసుకోండి. పెద్దావిడ, పైగా సామాను ఉంటే ఆటోయే మేలు.

ప్రశ్న అడిగినవారు: అమ్మను అడిగాను. పెళ్లయిన కొత్తలో మీటర్ గేజ్ బండిలోనే కాచిగూడ వచ్చిందట! భవనం చూశాక ఆటోలో వెళతాం.