ఫ్యాన్ తిరుగుతోంది, తెర వెలగడం లేదు: ముందు చూడవలసింది ర్యామా, ఎస్‌ఎంపీఎస్సా?

తణుకు డీటీపీ:
నాది చిన్న డీటీపీ షాపు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కనుక నెల రోజులుగా డెస్క్‌టాప్ జోలికి వెళ్లలేదు. శ్రావణం కార్డుల కోసం నిన్న మీట నొక్కితే ప్రాసెసర్ మీది ఫ్యాన్ తిరుగుతోంది, క్యాబినెట్ దీపం వెలుగుతోంది, మానిటర్ మాత్రం ‘నో సిగ్నల్’ అని చూపించి పడుకుంటోంది. నమ్‌లాక్ నొక్కినా కీబోర్డు దీపం మారడం లేదు. హెచ్61 మదర్‌బోర్డు, ఐ3-3220 ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు రెండు. విడి గ్రాఫిక్స్ కార్డు లేదు. ఇక్కడి సర్వీసు కుర్రాడు మూత విప్పి, రెండు నిమిషాలు చూసి, బోర్డు పోయిందని తేల్చేసి వెళ్లాడు. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు, పదేళ్ల డిజైన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. అతని మాట నమ్మేముందు నేను ఏమేమి చూసుకోవాలి?

కాకినాడ సర్వీస్:
బోర్డు సంగతి తరువాత, ముందు ర్యామ్ చూడండి. వానాకాలంలో నెల రోజులు కదలకుండా ఉన్న యంత్రానికి మొదట పట్టే జబ్బు అదే. ప్లగ్గు తీసేసి, పవర్ మీట ఒకసారి నొక్కి వదిలి, ర్యామ్‌లు రెండూ ఊడదీసి, బంగారు రంగు పళ్లను తెల్ల రబ్బరుతో మెత్తగా తుడిచి, ఒక్కటే పెట్టి చూడండి. మాది సముద్రపు గాలి తగిలే ఊరు. మా షాపుకు ఈ లక్షణంతో వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇంతటితోనే లేచి కూర్చుంటాయి.

కుషాయిగూడ మీటర్:
క్షమించాలి, ఇది వైద్యం కాదు, సోదె. ఫ్యాన్ తిరుగుతున్నదంటే 12 వోల్టులు ఏదో ఒక మేరకు వస్తున్నాయనే అర్థం, సరఫరా అంతా బాగుందని కాదు. బోర్డుకు తగిలించే 24 పిన్నుల కనెక్టరులో బూడిద రంగు తీగ ఒకటి ఉంటుంది. వోల్టేజీలన్నీ నిలకడ పడ్డాయని ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును తగ్గించి అందించే పెట్టె) బోర్డుకు చెప్పేది అదే. ఆ తీగ మీద సుమారు 5 వోల్టులు రాకపోతే బోర్డు ప్రాసెసర్‌ను నిద్ర లేపదు. ఫ్యాన్ మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి మీటరు నల్ల మొనను నల్ల తీగకు, ఎర్ర మొనను కనెక్టరు వెనుక నుంచి ఒక్కొక్క తీగకు తాకించి చూడండి: పసుపు మీద 11.40 నుంచి 12.60 వరకు, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 వరకు ఉండాలి. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం విప్పకండి. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

గోదారి గట్టు:
విండోస్ మళ్లీ వేయిస్తే సరిపోతుందేమో.

పాత బోర్డు:
బోర్డు లోగో కూడా రాని యంత్రం ఇంకా హార్డ్ డిస్కు దాకా వెళ్లనే లేదు, విండోస్ తప్పేమీ లేదు. తణుకు గారూ, ముప్పై రూపాయలకు బోర్డు స్పీకరు దొరుకుతుంది. అది తగిలించి, ర్యామ్‌లు రెండూ తీసేసి ఆన్ చేయండి. ఆగి ఆగి బీప్ వినిపిస్తే బోర్డు, ప్రాసెసర్ బతికే ఉన్నట్టు.

కుషాయిగూడ మీటర్:
అసలు రబ్బరుతో తుడవమని ఇంకా చెబుతున్నారంటే ఆశ్చర్యంగా ఉంది. ఆ పళ్ల మీద ఉన్నది చాలా పలుచటి బంగారు పూత. రబ్బరు దానిని అరగదీస్తుంది, పొడి ర్యామ్ దిగే స్లాటులో పడుతుంది, రాపిడికి స్థిర విద్యుత్తు పుడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు (స్పిరిటు), నూలు పోగులు రాలని గుడ్డ ఉండగా బడిపిల్లల పెన్సిలు పెట్టెలో చెయ్యి పెట్టడం ఎందుకు?

కాకినాడ సర్వీస్:
పదిహేనేళ్లుగా తుడుస్తున్నాను, నేను తుడిచినందువల్ల పోయిన ర్యామ్ ఒక్కటి చూపించండి. సిరా చెరిపే గరుకు రబ్బరు వాడకూడదని నాకూ తెలుసు, అందుకే తెల్లది అన్నాను. తుడిచాక బ్రష్షుతో దులపాలని చెప్పలేదు. అది నా పొరపాటే.

కుషాయిగూడ మీటర్:
పోయింది మీ చేతిలో అయితే మీకు తెలిసేది ఎలా? మా అమ్మాయి డెస్క్‌టాప్‌కు సరిగ్గా ఈ లక్షణమే వస్తే ఒక షాపువారు మొదట ర్యామ్ మార్చారు, తరువాత బోర్డు మార్చారు, పాత భాగాలు తిరిగి ఇవ్వలేదు, ఆరు వేల ఎనిమిది వందలు తీసుకున్నారు. పది రోజులకే మళ్లీ అదే వరస. ముప్పై ఏళ్లు ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా పనిచేసిన నేను ఊరు నుంచి వచ్చి మీటరు పెడితే, 12 వోల్టుల తీగ మీద 10.6 కనిపించింది. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు మీ వృత్తిలో ఎవరికీ ఉండవా?

కాకినాడ సర్వీస్:
మీ డబ్బు తిన్నవాడు నేను కాదు, ఆ కోపం నా మీద చూపకండి. అయినా అడిగారు కనుక చెబుతాను. మీటరు పెట్టి, ఒక్కొక్క భాగం ఊడదీసి, అరగంట కూర్చుని ‘ఏమీ పోలేదు, ర్యామ్ కదిలింది’ అని చెప్పానంటే, ఎదురుగా ఉన్నాయన నవ్వి, ఈమాత్రానికి డబ్బులా అని బండెక్కుతాడు. అదే కొత్త ఎస్‌ఎంపీఎస్ డబ్బా చేతిలో పెడితే మారు మాట లేకుండా ఇస్తాడు. మా వాళ్లు భాగాలు మార్చడం మీటరు చదవడం రాక కాదు.

కుషాయిగూడ మీటర్:
అంటే పోని భాగాన్ని పోయిందని చెప్పడం తప్పు కాదంటారా?

కాకినాడ సర్వీస్:
తప్పే. నేను అలా చేయలేదు కనుకనే ఇవాళ్టికీ అద్దె షాపులో ఉన్నాను. డాక్టరు నాడి చూసి ‘జబ్బేమీ లేదు’ అన్నా ఫీజు ఇస్తారు. మా దగ్గర వస్తువుకు తప్ప చూపుకు వెల లేదు. మీలాంటి చదువుకున్నవారు కూడా ‘రెండు నిమిషాల పని’ అంటున్నారు చూడండి, ఆ మాటే మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది.

నల్లకుంట:
ఇంతకీ తణుకు గారి కార్డులు ఏమయ్యాయి?

తణుకు డీటీపీ:
పాత బోర్డు గారు చెప్పినట్టు స్పీకరు తెచ్చి, ర్యామ్‌లు తీసి ఆన్ చేస్తే పొడుగు బీప్‌లు వచ్చాయి. ఆ చప్పుడు విని మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. తరువాత ఒక ర్యామ్‌ను తుడిచి (స్పిరిటు దొరకలేదు, తెల్ల రబ్బరే) రెండో స్లాటులో పెడితే చిన్న బీప్ ఒకటి వచ్చి తెర వెలిగింది. మొదటి స్లాటులో ఏది పెట్టినా మళ్లీ చీకటే. ఎలక్ట్రీషియన్ దగ్గర మీటరు అడిగి తెచ్చి చూస్తే పసుపు తీగ మీద 11.31 ఉంది, బూడిద తీగ మీద 5 ఉంది. ప్రస్తుతం 4 జీబీతోనే కార్డులు కొడుతున్నాను.

కాకినాడ సర్వీస్:
ర్యామే కదా అన్నాను.

కుషాయిగూడ మీటర్:
11.31 అంటే హద్దు దాటి కిందికి దిగింది. ఇవాళ లేచింది కాబట్టి రోగం లేదనుకోకండి; ముందు డిజైన్లన్నీ పెన్ డ్రైవులోకి ఎక్కించి, ఆ తరువాత ఎస్‌ఎంపీఎస్ మార్చండి.

కాకినాడ సర్వీస్:
ఆ మాటకు అడ్డు చెప్పను. కానీ నిన్న తెర ఆగింది దానివల్ల కాదు, అదే 11.31 మీద ఇప్పుడు నడుస్తోంది కదా.

తణుకు డీటీపీ:
మొదటి స్లాటు సంగతి నా వల్ల కాదు. కాకినాడ గారూ, బస్సులో పంపిస్తాను. ఏమీ మార్చవలసిన పని లేకపోయినా, చూసినందుకు ఎంత తీసుకుంటారో ముందే చెప్పండి.

కాకినాడ సర్వీస్:
రెండు వందలు. నోటితో చెప్పడం ఇదే మొదటిసారి. షాపు బోర్డు మీద రాయడానికి ఇంకా ధైర్యం రాలేదు.