‘నాకొద్దు’ ఒక మాటా, రెండా? పసివాళ్ళ పదచ్ఛేదం

ప్రశ్న:
మా అక్క మనవడు ఇప్పుడిప్పుడే మాటలు కలుపుతున్నాడు. ఇష్టం లేకపోతే ‘నాకొద్దు’ అంటాడు, బాగానే ఉంది. నిన్న బొమ్మకి దుప్పటి కప్పి, వెంటనే లాగేసి, ‘బొమ్మకి నాకొద్దు’ అన్నాడు. అందరం నవ్వాం గానీ, నాకు ఓ అనుమానం పట్టుకుంది. వాడి లెక్కలో ‘నాకొద్దు’ మొత్తం ఒకే మాట. మరి మిగతా మాటల్ని ఎలా విడదీసుకున్నాడు? మనం పద్యం ముందు పెట్టుకుని పదచ్ఛేదానికి తంటాలు పడతాం కదా, అక్షరం ముక్క రానివాడు ఎలా చేశాడు? మాటకీ మాటకీ మధ్య మనం కాస్త ఆగుతాం, దాన్నిబట్టేనా?

జవాబు:
ఆగమండీ, చిక్కంతా అక్కడే ఉంది. ‘వాళ్ళింటికెళ్ళొచ్చాను’ అని మామూలుగా మాట్లాడినట్టే అని, ఫోన్లో రికార్డు చేసి వినండి. ఎక్కడా ఖాళీ దొరకదు. ఖాళీలు కాగితం మీదే. పైగా నిజంగా శబ్దం ఆగే చోటు మాట మధ్యలో ఉంటుంది: ‘అక్క’, ‘పట్టు’ అన్నప్పుడు ఒత్తు దగ్గర క్షణంపాటు ఏమీ వినపడదు. నిశ్శబ్దాన్ని నమ్ముకున్న పిల్లాడు ‘అక్క’ని రెండు ముక్కలు చేస్తాడు!

1996లో జెన్నీ శాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిస్సా న్యూపోర్ట్ ఎనిమిది నెలల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. పబికు, టిబుడో, గొలాటు, డరోపి అని ఏ అర్థమూ లేని నాలుగు మాటలు. కంప్యూటర్ గొంతుతో, ఊనిక (ఒక అక్షరాన్ని నొక్కి పలకడం) గానీ విరామం గానీ లేకుండా, వరస మార్చి మార్చి రెండు నిమిషాలు వినిపించారు. ‘డ’ తర్వాత ఎప్పుడూ ‘రో’యే, ‘రో’ తర్వాత ఎప్పుడూ ‘పి’యే. ‘పి’ తర్వాత మాత్రం మిగతా మూడు మాటల్లో ఏదైనా మొదలవచ్చు. డరోపి వెనకే గొలాటు వస్తే మధ్యలో ‘పిగొలా’ కూడా చెవిన పడుతుంది కదా, పరీక్షలో అలాంటి ముక్కల్నీ అసలు మాటల్నీ విడివిడిగా వినిపించారు. పిల్లలు ‘పిగొలా’ లాంటివాటిని ఎక్కువసేపు విన్నారు, అవి కొత్తగా తోచాయి కాబట్టి. రెండే నిమిషాల్లో ఏ అక్షరం ఏ అక్షరాన్ని వదలకుండా ఉంటుందో పట్టేశారన్నమాట.

మన ‘అమ్మ’ సంగతీ అంతే. అమ్మకి, అమ్మతో, అమ్మని, అమ్మేది, అమ్మొచ్చింది. ముందు ముక్క కదలదు, తోక మారుతూ ఉంటుంది. కోత ఎక్కడో అదే చెబుతోంది.

ఒక తెలుగు మాస్టారు:
బాగుంది. సభంగ శ్లేష అని మేం పాఠం చెప్పేది ఇదే. ‘ఆమెత్తనిది’ అంటే ఆ మెత్తనిదా, ఆమె ఎత్తనిదా? విడదీసినదాన్నిబట్టి అర్థం. పెద్దలకది చమత్కారం, పసివాడికి రోజంతా అదే పని.

కానీ ఒక అభ్యంతరం. మీ లెక్క ప్రకారమే చూడండి: నాకొద్దు, నీకొద్దు, మాకొద్దు, వాడికొద్దు. వీటన్నిటిలో మారనిది ‘కొద్దు’. అక్షరాల లెక్క ఒక్కటే ఆధారమైతే పిల్లవాడికి దక్కేది ‘వద్దు’ కాదు, ‘కొద్దు’! ‘కు’ అనేది నాకు, నీకు లలోదని వాడికెవరు చెబుతారు?

జవాబు:
మాస్టారూ, మీరు పట్టుకున్నది అసలైన చోటు. ఎవరూ చెప్పరు, వేరే మాటలే సాక్ష్యం చెప్పాలి. ‘వెళ్ళొద్దు’, ‘తియ్యొద్దు’, ‘ఏడవొద్దు’ వింటూ ఉంటే ‘ఒద్దు’ బయటపడుతుంది. ‘నాకియ్యి’, ‘నాకేది’, ‘నాకూ’ వింటే ‘నాకు’ అటువైపు తేలుతుంది. ఒక్క వాక్యం మీద తీర్పు చెప్పడం కుదరదు. తప్పు కోతలు పిల్లలకే పరిమితం కూడా కాదు. ఇంగ్లీషులో ఒకప్పుడు ‘ఎ నాప్రన్’ ఉండేది, పెద్దవాళ్ళే దాన్ని ‘ఆన్ ఏప్రన్’ అనుకున్నారు, ‘న’ పోయింది.

మరో సభ్యురాలు:
ఈ రెండు నిమిషాల ప్రయోగాన్ని అందరూ మంత్రంలా చెబుతుంటారు గానీ, అందులో నాలుగు మాటలూ మూడేసి అక్షరాలవే. నిజం మాటలు అలా కొలిచినట్టు ఉంటాయా? 2010లో వేరే పరిశోధకులు రెండక్షరాల మాటలూ మూడక్షరాల మాటలూ కలిపి వినిపిస్తే, ఎనిమిది నెలల పిల్లలు కూడా విడదీయలేకపోయారు. కాబట్టి వేరే ఆసరాలూ కావాలి. నాలుగున్నర నెలలకే తమ పేరు గుర్తుపడతారు. ఆరు నెలల పిల్లలైతే తమ పేరు గానీ అమ్మని పిలిచే మాట గానీ వినపడితే, దాని పక్కనున్న కొత్త మాటని పట్టుకోగలరని 2005లో తేలింది. తెలిసిన మాట అంచే కొత్త మాటకి మొదలు. ఇంగ్లీషు పిల్లలకి ఊనిక కూడా సాయం, ఒక్కోసారి అదే ముంచుతుంది: ఏడున్నర నెలలప్పుడు ‘గిటార్ ఈజ్’ అంటే, ఊనిక ‘టార్’ మీద పడుతుంది కాబట్టి మాట అక్కడే మొదలైందనుకుని, మధ్యలోని ‘టారిజ్’ని మాట అనుకుంటారు. మాస్టారి ‘కొద్దు’కి అచ్చం చెల్లెలే.

ముద్దుగా సాగదీసి మాట్లాడితే పిల్లలు చెడిపోతారనే పెద్దలకి ఇంకో సంగతి: అలా మాట్లాడినప్పుడే మాటల్ని బాగా విడదీశారని ప్రయోగాల్లో తేలింది. కానివ్వండి ముద్దులు.

అడిగినవారు:
అందరికీ థాంక్సండీ. మాస్టారూ, మీ నోటి చలవ! ఈ పూట వాడు బొమ్మ మీద దుప్పటి మళ్ళీ లాగేసి ‘బొమ్మకి కొద్దు’ అన్నాడు. ‘నా’ ఊడింది, ‘క’ ఇంకా ఊడలేదు. ఇవాళ్టి నుంచి ఇంట్లో అందరూ వాడి ముందు ‘తియ్యొద్దు’, ‘వెయ్యొద్దు’ అని తిరుగుతున్నారు. నేను మాత్రం ‘కొద్దు’ ఇంకో వారం ఉంటే బాగుండనుకుంటున్నాను.