రూటర్‌లో వైర్‌గార్డ్: హ్యాండ్‌షేక్ వస్తోంది, కానీ సగం సైట్లు తెరుచుకోవట్లేదు

ప్రశ్న (కేబుల్‌కట్ట)
ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఉన్న రూటర్. లైను పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే కనెక్షన్), 300 ఎంబీపీఎస్. ఇంట్లోని ట్రాఫిక్ అంతా వీపీఎన్ (ఎన్‌క్రిప్ట్ చేసిన టన్నెల్) మీదుగా పోయేలా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి పెట్టాను. అలౌడ్ ఐపీస్‌లో 0.0.0.0/0, ::/0 (అంటే అన్ని అడ్రస్‌లూ) ఇచ్చి, రూట్ అలౌడ్ ఐపీస్ టిక్ చేశాను. సర్వర్‌తో హ్యాండ్‌షేక్ (తొలి పలకరింపు) వస్తోంది, పింగ్ బాగానే పోతోంది. సమస్యలు ఇవీ:

కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతాయి, పెద్ద ఫైలు అప్‌లోడ్ అస్సలు కదలదు. స్పీడ్ 90 దాటదు. కరెంటు పోయి వస్తే వీపీఎన్ కనెక్ట్ కాదు. ఇంటర్‌ఫేస్ ఆపి, కాసేపయ్యాక మళ్లీ ఆన్ చేస్తే మాత్రం వస్తుంది. ఇవి కాక టీవీని వీపీఎన్ బయట ఉంచాలి. ఎలా?

జవాబు (పాకెట్‌పురుగు)
సైట్లు సగంలో ఆగడం ఎంటీయూ (ఒక పాకెట్ గరిష్ట సైజు) వ్యవహారం. చిన్న పాకెట్లు పోతాయి కాబట్టి పింగ్ బాగుందనిపిస్తుంది, నిండు పాకెట్ల దగ్గరే చిక్కు.

ముందు రూటర్‌లో వైర్‌గార్డ్ స్టేటస్ పేజీ తెరిచి ఎండ్‌పాయింట్ (వీపీఎన్ సర్వర్) అడ్రస్ చూడండి. అందులో (చివర పోర్ట్ నంబర్ ముందు ఉండే ఒక్కటి కాక) ఇంకా కోలన్లు ఉంటే సర్వర్‌కి ఐపీవీ6 మీద వెళ్తున్నారన్నమాట. వైర్‌గార్డ్ ఒక్కో పాకెట్‌కి ఐపీవీ4 మీద 60 బైట్లు, ఐపీవీ6 మీద 80 బైట్లు కలుపుతుంది. మామూలుగా పెట్టే 1420 అనే ఎంటీయూ, మామూలు లైన్లో పట్టే 1500లోంచి 80 తీసేస్తే వచ్చిందే. కానీ పీపీపీఓఈ ఇంకో 8 తినేస్తుంది, మీకు మిగిలేది 1492. ఐపీవీ4 అయితే 1420కి 60 కలిపినా 1480, ఇబ్బంది లేదు. ఐపీవీ6 అయితే 1500 అవుతుంది, లైన్లో పట్టదు. అప్పుడు బయటి పాకెట్ రెండు ముక్కలవుతుంది, ఐపీవీ6 ముక్కల్ని దారిలో చాలా ఫైర్‌వాల్స్ పారేస్తాయి.

అందుకని వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఎంటీయూ 1412 పెట్టండి. ఫైర్‌వాల్‌లో వీపీఎన్ జోన్‌కి మాస్కరేడింగ్ (ఇంటి పరికరాలన్నీ ఒకే అడ్రస్‌తో బయటికి పోవడం), ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (పాకెట్ సైజుని టన్నెల్‌కి సరిపడా తగ్గించడం) రెండూ టిక్ ఉండాలి. క్లాంపింగ్ లేకపోతే ఇంట్లో కంప్యూటర్లు తమ లైను 1500 అనుకుని అవతలి సర్వర్‌కి అదే లెక్క చెబుతాయి.

సరిచూసుకోవడానికి, ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో కంప్యూటర్ నుంచి ఏదైనా ఐపీవీ4 అడ్రస్‌కి పింగ్ కొట్టండి. సైజు 1384 పోవాలి, 1385 ఆగాలి (హెడర్లు 28 బైట్లు). దొరికిన చోటల్లా '1280 పెట్టేయండి' అని రాస్తుంటారు. పని చేస్తుంది, కానీ కారణం తెలియకుండా ఎంటీయూ కోసేయడం నాకు నచ్చదు.

జవాబు (లాగ్‌చూడు)
కరెంటు పోయినప్పటి సంగతి గడియారం వల్ల. చాలా రూటర్లలో బ్యాటరీ గడియారం ఉండదు. బూట్ అయ్యేటప్పుడు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఈటీసీ ఫోల్డర్‌లో అన్నిటికంటే కొత్త ఫైలు తేదీని చూసి టైం పెట్టుకుంటుంది. అంటే మీరు చివరిసారి సెట్టింగ్ మార్చిన రోజు. వైర్‌గార్డ్ సర్వర్ మీ కీ (మీ రూటర్‌ని గుర్తుపట్టే కోడ్) నుంచి వచ్చిన ఆఖరి టైమ్‌స్టాంప్ గుర్తుపెట్టుకుని, అంతకంటే పాతది వస్తే చడీచప్పుడు లేకుండా పక్కన పడేస్తుంది. పాత పాకెట్‌ని ఎవరైనా పట్టి మళ్లీ పంపకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. టైం సరిచేయాల్సిన ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి టైం తెచ్చుకునే పద్ధతి) పాకెట్లేమో, ఇంకా కనెక్ట్ కాని టన్నెల్లోకే పోతాయి. ఇంటర్‌ఫేస్ ఆపినప్పుడు ఎన్‌టీపీకి మామూలు దారి దొరికి టైం సరవుతోంది, మీరు చెప్పిన లక్షణం సరిగ్గా అదే.

మందు: ఎన్‌టీపీ సర్వర్‌ని పేరుతో కాక ఐపీతో ఇవ్వండి, ఉదాహరణకు క్లౌడ్‌ఫ్లేర్‌ది 162.159.200.1. స్టాటిక్ రూట్స్‌లో ఆ అడ్రస్‌కి /32 (ఆ ఒక్క అడ్రస్‌కే) రూట్ వ్యాన్ (ఇంటర్నెట్ లైను) మీదుగా వేయండి. పేరు ఇస్తే డీఎన్ఎస్ (పేరుకి ఐపీ వెతకడం) కూడా టన్నెల్లో ఇరుక్కుంటుంది.

ఎండ్‌పాయింట్ పేరుతో ఉంటే ఇంకొకటి: ఇంటర్‌ఫేస్ లేచేటప్పుడు ఒక్కసారే ఆ పేరుకి ఐపీ వెతుకుతుంది. సర్వర్ ఐపీ మారితే అలాగే వేలాడుతుంది. వైర్‌గార్డ్ టూల్స్‌తో వచ్చే వాచ్‌డాగ్ స్క్రిప్ట్‌ని (పేరుని మళ్లీ వెతికేది) క్రాన్‌లో, అంటే టైం ప్రకారం పనులు నడిపే చోట, నిమిషానికోసారి పెట్టండి.

జవాబు (చిప్పుచూపు)
స్పీడ్ సంగతి చెప్తాను. టెస్ట్ నడిచేటప్పుడు ఎస్ఎస్‌హెచ్‌తో రూటర్‌లోకి లాగిన్ అయి టాప్ కమాండ్ (ప్రాసెసర్ వాడకం చూపేది) చూడండి. ఐడిల్ (ఖాళీగా ఉన్న శాతం) సున్నాకి దగ్గరపడితే ప్రాసెసర్ సత్తా అంతే. హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ (పాకెట్లు పంపే పనిని వేరే చిప్ భాగానికి అప్పగించడం) ఆన్ చేసినా ఎన్‌క్రిప్షన్ భారం తగ్గదు. ఓపెన్‌వీపీఎన్‌కి మారితే ఇంకా పడిపోతుంది. పాత ఎంఐపీఎస్ చిప్ అయితే ఏఆర్‌ఎం చిప్ ఉన్న రూటర్ తీసుకోవడం, లేదా టన్నెల్లోకి పోయే ట్రాఫిక్ తగ్గించడం. మూడో దారి లేదు.

కేబుల్‌కట్ట
ఎండ్‌పాయింట్ ఐపీవీ6 అడ్రసే. 1412తో సైట్లన్నీ తెరుచుకున్నాయి, ఎన్‌టీపీ రూట్ కూడా వేశాను. టాప్‌లో ఐడిల్ సున్నా. టీవీ మాట ఇంకా మిగిలింది.

జవాబు (పాకెట్‌పురుగు)
టీవీకి డీహెచ్‌సీపీలో స్టాటిక్ లీజ్ (మారని ఐపీ) ఇచ్చి పీబీఆర్ ప్యాకేజీ (ఏ పరికరం ఏ దారిన పోవాలో చెప్పేది) ఇన్‌స్టాల్ చేయండి. పాలసీలో సోర్స్‌గా టీవీ ఐపీ, ఇంటర్‌ఫేస్‌గా వ్యాన్. టీవీ ట్రాఫిక్ బయటికి పోతే ప్రాసెసర్‌కీ ఊపిరాడుతుంది.

టన్నెల్ పడిపోయినప్పుడు మిగతావి నేరుగా బయటికి పోకూడదంటే లాన్ (ఇంటి నెట్‌వర్క్) నుంచి వ్యాన్‌కి ఫార్వర్డింగ్ తీసేయండి. అలా తీస్తే టీవీ కూడా ఆగుతుంది. దాని ఐపీకి మాత్రం ట్రాఫిక్ రూల్స్‌లో లాన్ నుంచి వ్యాన్‌కి యాక్సెప్ట్ రూల్ రాయాలి.

ఇంకో రెండు చూసుకోండి. వీపీఎన్ వాళ్లు టన్నెల్లో ఐపీవీ6 అడ్రస్ ఇవ్వకపోతే లాన్‌లో ఆర్‌ఏ సర్వీస్, డీహెచ్‌సీపీవీ6 (పరికరాలకి ఐపీవీ6 అడ్రస్ దొరికేలా చేసేవి) ఆపండి. లేదంటే పరికరాలు పనికిరాని ఐపీవీ6 కోసం వెంపర్లాడతాయి. వ్యాన్ ఇంటర్‌ఫేస్‌లో ప్రొవైడర్ ఇచ్చే డీఎన్ఎస్ వాడే టిక్ తీసేసి వీపీఎన్ వాళ్ల డీఎన్ఎస్ పెట్టండి. అప్పుడు టీవీకి కూడా అవే జవాబులొచ్చి వీడియో దూరపు సర్వర్ నుంచి రావచ్చు. టీవీ లీజ్‌కి ట్యాగ్ పెట్టి, డీహెచ్‌సీపీ ఆప్షన్ 6తో వేరే డీఎన్ఎస్ ఇస్తే సరిపోతుంది.