టెక్సాస్‌లో ఇంటి కప్పు: ఐసీఎఫ్ స్లాబా, చెక్క ట్రస్సా?

ప్రాస్పర్_ప్లాట్
అందరికీ నమస్తే. డల్లాస్‌కి ఉత్తరాన ప్రాస్పర్ దగ్గర అరెకరం కొన్నాం, ఇల్లు మొదలుపెట్టాలి. గోడలు ఐసీఎఫ్ అని తేల్చుకున్నాం. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, గుల్లగా ఉండే థర్మాకోల్ దిమ్మెలు పేర్చి, లోపల చువ్వలు కట్టి, కాంక్రీటు పోస్తారు. థర్మాకోల్ విప్పరు, ఇన్సులేషన్‌గా అదే ఉండిపోతుంది. పేచీ అంతా కప్పు దగ్గరే వచ్చింది. పైన కూడా అదే పద్ధతిలో, ఫోమ్ ప్యానెళ్లు పరిచి స్లాబ్ పోయించాలని నా కోరిక. ఇక్కడ దాదాపు అన్ని ఇళ్లకీ చెక్క ట్రస్ (త్రికోణం ఆకారంలో బిగించిన కప్పు చట్రం), మీద షింగిల్సే (పలుచటి తారు పలకలు). ఒక్క సాయంత్రం వడగళ్లు పడితే చాలు, వీధి వీధంతా రూఫులు మార్చుకుంటోంది. 2019 అక్టోబర్ 20 రాత్రి డల్లాస్ మీదుగా టోర్నడో వెళ్లాక ఆ ఇళ్లు చూసొచ్చి, మా ఆవిడ స్లాబ్ తప్ప ఇంకోటి వద్దంటోంది. మా నాన్నగారైతే గోడలకి కాంక్రీటు పెట్టి నెత్తిన చెక్క పెడతారా అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నారు. బిల్డరేమో ట్రస్ చాలంటాడు. స్లాబ్‌కి ఇచ్చిన కొటేషన్ ట్రస్ ఖర్చుకి రెండింతలు దాటింది. అంత పెట్టడం సబబేనా?

స్లాబ్_లెక్కలు
నేను స్ట్రక్చరల్ పనిలోనే ఉన్నానండి. ముందు బరువు సంగతి చూడండి. కాంక్రీటు ఘనపుటడుగుకి సుమారు 150 పౌండ్లు, అంటే 4 అంగుళాల స్లాబ్ చదరపు అడుగుకి 50 పౌండ్లు. ఫోమ్ ప్యానెళ్ల మధ్య వచ్చే దూలాల బరువు దీనికి అదనం. షింగిల్స్, ట్రస్, జిప్సం బోర్డు అన్నీ కలిపినా 15 నుంచి 20 పౌండ్లే. మీ కప్పు 2500 చదరపు అడుగులు అనుకుంటే దూలాలు కాక ఉత్త స్లాబే 1,25,000 పౌండ్లు, దాదాపు 57 టన్నులు. పైగా మీ కింద ఉన్నది నల్లరేగడి. డల్లాస్ చుట్టుపక్కల నేల మన గుంటూరు, ప్రకాశం నల్లరేగడి జాతిదే, ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానలకి ఉబ్బుతుంది. ఫౌండేషన్ డిజైన్ ట్రస్ కప్పుకి అయిపోయుంటే మళ్లీ మొదటికి రావాల్సిందే.

ఇంకో మాట. స్లాబ్ బరువుగా ఉంటుంది కాబట్టి గాలికి లేవదు అని మనవాళ్లందరూ అనుకుంటారు. గంటకు 115 మైళ్ల గాలి చదరపు అడుగుకి 34 పౌండ్ల ఒత్తిడి తెస్తుంది. 200 మైళ్లకి అది 102 పౌండ్లు, ఎందుకంటే వేగం ఎంత పెరిగితే ఒత్తిడి దాని వర్గంలో పెరుగుతుంది. కప్పు అంచుల దగ్గర, మూలల్లో లాగే బలం ఇంకా ఎక్కువ. అంటే పెద్ద టోర్నడోలో స్లాబ్‌ని నిలబెట్టేది దాని బరువు కాదు, గోడలోంచి వంచి స్లాబ్‌లోకి కట్టిన చువ్వలు. ఆ ముడి సరిగ్గా పడితేనే మీరు పెట్టే డబ్బుకి అర్థం.

నా సలహా, ఇల్లంతా వద్దు. గోడలు ఐసీఎఫ్ ఉంచండి, ట్రస్సులను గోడకి స్టీలు పట్టీలతో గట్టిగా బిగించండి, లోపల ఒక్క గదికి, మాస్టర్ బెడ్‌రూమ్ క్లోసెట్ అయితే బాగుంటుంది, నాలుగు గోడలూ పైకప్పూ కాంక్రీటుతో సేఫ్ రూమ్ కట్టండి. ఫెమా (అమెరికా విపత్తుల సంస్థ) సేఫ్ రూమ్ ప్రమాణం ఈ ప్రాంతానికి 250 మైళ్ల గాలి. ప్రాణానికి ఆ గది, మిగతాదానికి ఇన్సూరెన్స్.

డాబా_మనిషి
నేను ఒప్పుకోను అన్నా. వాక్సహాచీ వైపు మాది కాంక్రీటు కప్పు ఇల్లే. ఎప్పుడో వచ్చే టోర్నడో ఒక్కటే చూసి లెక్క వేస్తున్నారు, రోజూ ఉండేది ఎండ కదా. ఇక్కడి ఇళ్లలో ఏసీ డక్టులు అటకలో, అంటే సీలింగ్‌కీ కప్పుకీ మధ్య ఖాళీలో పరుస్తారు, జులైలో ఆ అటక 130 ఫారన్‌హీట్ దాటుతుంది. చల్లగాలి ఆ కొలిమిలోంచి పడగ్గదికి రావాలి! మాకు అటకే లేదు, డక్టులన్నీ ఇంటి లోపలే. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో కరెంటు పోయినప్పుడు పక్కవాళ్లు గజగజలాడుతూ పిల్లల్ని తీసుకుని మా ఇంటికొచ్చారు, ఎందుకంటే మా ఇల్లు మెల్లగా చల్లబడింది. వాన పడినా వడగళ్లు పడినా లోపల చప్పుడు తక్కువ. సాయంత్రాలు డాబా మీద కుర్చీలు వేసుకుని కూర్చుంటాం, అమ్మా నాన్నా వచ్చినప్పుడు ఇంట్లో కంటే అక్కడే ఎక్కువ ఉంటారు. ఇవన్నీ కొటేషన్లో కనిపించవు.

ఇన్సూరెన్స్ అన్నారు, అదీ చూద్దాం. టెక్సాస్ పాలసీల్లో గాలి, వడగళ్లకి వేరే డిడక్టిబుల్ (ముందు మనం భరించాల్సిన వాటా) ఉంటుంది, మామూలుగా ఇంటి కవరేజీలో 1 లేదా 2 శాతం. 6 లక్షల డాలర్ల ఇంటికి 2 శాతమంటే వడగళ్లు పడిన ప్రతిసారీ 12 వేలు మన జేబులోంచి.

స్లాబ్_లెక్కలు
వడగళ్ల విషయంలో స్లాబ్ ఉన్నా పైన వాటర్‌ప్రూఫ్ మెంబ్రేన్ ఉంటుంది కదండీ, దెబ్బ దానికి తగులుతుంది. స్లాబ్‌కి ఏమీ కాదు, నిజమే, కానీ మెంబ్రేన్ మార్చే ఖర్చు ఊరికే పోదు. ఇటు షింగిల్స్‌లో క్లాస్ 4 రకం (వడగళ్ల దెబ్బకి బాగా తట్టుకునేది) వేస్తే చాలా కంపెనీలు ప్రీమియంలో తగ్గిస్తాయి. అటక వేడికి కూడా మందు ఉంది, ఇన్సులేషన్ అటక నేల మీద కాకుండా కప్పు వాలు కిందే కొడితే డక్టులు చల్లని భాగంలోకి వస్తాయి. డాబా సుఖం మాత్రం ట్రస్సుతో రాదు, అది ఒప్పుకుంటా.

వాటం_చూడు
ఇద్దరూ పోత గురించి మాట్లాడట్లేదు. నా భయమంతా అక్కడే.

మన ఊళ్లో స్లాబ్ వేశాక సెంట్రింగ్ విప్పుతాం, కిందికెళ్లి తలెత్తి చూస్తాం. గుల్ల పడిందా, చువ్వ బయటికి కనిపిస్తోందా, ఏదున్నా కంటికి తెలిసిపోతుంది, మేస్త్రీని అక్కడికక్కడే నిలదీయొచ్చు. ఐసీఎఫ్ కప్పులో ఆ వీలు లేదు. కింద పోట్లు తీసేస్తారు గానీ ఫోమ్ అలాగే ఉంటుంది, దాని మీద జిప్సం బోర్డు కొట్టేస్తారు (ఫోమ్‌ని లోపలివైపు అలా వదలకూడదు, నిప్పుకి అడ్డుగా అర అంగుళం బోర్డు కావాలని కోడ్‌లోనే ఉంది). కాంక్రీటు అసలు బలమంతా ప్యానెళ్ల మధ్య దిగే సన్నటి దూలాల్లో ఉంటుంది. ఆ సందులో అడుగున చువ్వలు, పక్కన కరెంటు పైపు, వైబ్రేటర్ సరిగ్గా దింపకపోతే అడుగున గుల్ల. దాన్ని ఎవరూ ఎప్పటికీ చూడరు. మా బంధువుల ఇంటికి పోసిన మనుషులు గోడలు చాలా కట్టారు, కప్పు మాత్రం అదే మొదటిసారి. అనుమానం వచ్చి రెండు చోట్ల ఫోమ్ చదరంగా కోయించి చూస్తే ఒక దూలం కింద చువ్వ నిగనిగలాడుతూ కనిపించింది, చుట్టూ కంకర మాత్రమే, సిమెంటు పాలు చేరలేదు. మళ్లీ పోట్లు పెట్టించి ఆ మేర నింపించాల్సి వచ్చింది.

లీకేజీ కూడా అంతే. మామూలు స్లాబ్ కారితే కారిన చోటే మరక పడుతుంది. ఇక్కడ నీళ్లు కాంక్రీటుకీ ఫోమ్‌కీ మధ్య పాకి, ప్యానెల్ జాయింటు ఎక్కడ దొరికితే అక్కడ దిగుతాయి. మరక హాల్లో, చిల్లు బాత్రూమ్ పైన. అడుగుకి పావు అంగుళం వాటం తప్పనిసరి, మెంబ్రేన్ వేశాక గట్టు కట్టి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడండి. ఇక్కడివాళ్లు చాలామంది ఆ పరీక్ష చేయరు, మీరు పట్టుబట్టండి.

డాబా_మనిషి
ఇది సరైన మాట, మేమూ నీళ్లు కట్టి చూశాకే చివరి బిల్లు ఇచ్చాం. కానీ పనివాళ్లకి చేతకాకపోవడం వేరు, పద్ధతి చెడ్డది కావడం వేరు అన్నా. పోసే రోజు ఇంజనీరుని సైట్లో నిలబెట్టండి, కంకర చిన్న సైజు వాడమనండి, తనంతట తనే సందుల్లోకి జారే మిక్స్ దొరుకుతుంది, ధర ఎక్కువైనా అదే తెప్పించండి. ఇంతకుముందు కప్పులు పోసిన బృందం దొరకకపోతే ఆ ఏడాది ఇల్లు మొదలుపెట్టకండి, ఆగండి.

ఎనర్జీ_సుబ్బు
ఇన్సులేషన్ గురించి ఒక్కటి. ఫోమ్ ఉంది కదా అని ఊరుకోకండి. వేడిని ఎంత ఆపుతుందో ఆర్ విలువతో కొలుస్తారు, ఫోమ్‌కి అంగుళానికి సుమారు ఆర్-4. 2021 ఎనర్జీ కోడ్ మన వాతావరణ జోన్‌లో కప్పుకి ఆర్-49 అడుగుతుంది. ప్యానెల్ మధ్యలో మందం బాగానే ఉంటుంది గానీ దూలం కింద ఫోమ్ పల్చన, వేడి అక్కడినుంచే దిగుతుంది. అందుకని స్లాబ్ పైన కూడా గట్టి ఫోమ్ బోర్డు వేసి దాని మీద మెంబ్రేన్ వేయాలి. అప్పుడు స్లాబ్‌కి నేరుగా ఎండ తగలదు, వ్యాకోచం తగ్గుతుంది, పిట్టగోడ దగ్గర పగుళ్లు కూడా తగ్గుతాయి. ఇల్లు ఇంత బిగువుగా కట్టినప్పుడు తాజా గాలి తెచ్చే యంత్రం కూడా కొటేషన్లో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే లోపల తేమ, వంట వాసన నిలిచిపోతాయి.

ప్రాస్పర్_ప్లాట్
అందరికీ థాంక్స్. ఫౌండేషన్ డ్రాయింగ్ ఇంకా కాలేదు, అదొక్కటి నయం. మా హెచ్‌వోఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) కాగితాలు తీసి చూశాను, ఫ్లాట్ రూఫ్ వీధివైపు కనపడకూడదని ఉంది. అందుకని ఇలా ఆలోచిస్తున్నాం: ముందు భాగం ట్రస్, వెనక భాగంలో సేఫ్ రూమ్, దాని పక్క రెండు గదుల మీద ఐసీఎఫ్ స్లాబ్, అదే డాబా. పోసినవాళ్ల పాత పని ఒకటి చూడకుండా సంతకం పెట్టను.

స్లాబ్_లెక్కలు
ఇది బాగుంది. ట్రస్ స్లాబ్‌ని కలిసే చోట నీళ్లు ఎటు పోతాయో డ్రాయింగులో విడిగా గీయించండి, సగం లీకులు అక్కడే పుడతాయి. సేఫ్ రూమ్ తలుపు గురించి కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. గోడా కప్పూ కాంక్రీటు చేసి మామూలు తలుపు పెట్టేవాళ్లున్నారు. 15 పౌండ్ల చెక్క దుంగని గంటకు 100 మైళ్ల వేగంతో కొట్టి పరీక్షించిన తలుపులు దొరుకుతాయి, ఫ్రేముతో సహా అదే కొనండి. ఫ్రేముని కాంక్రీటులో బిగించాలి కాబట్టి గోడ పోయకముందే దాని కొలతలు బిల్డర్ చేతిలో ఉండాలి.