యాసిడ్ డబుల్ చేసినా రియాక్షన్ స్పీడు పెరగట్లేదు, ఎందుకు?

గుంటూరు_అమ్మ:
మా వాడు సీబీఎస్ఈ ప్లస్‌టూ. ల్యాబ్‌లో థయోసల్ఫేట్ ఎక్స్‌పెరిమెంట్ ఉంటది కదా, ఫ్లాస్కు కింద కాగితం మీద ఇంటూ మార్కు పెట్టి హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) పోసి, సల్ఫర్ తేలి మసకబారి ఆ మార్కు కనపడకుండా పోయేదాకా టైం చూస్తారు, అది చేశాడు. థయోసల్ఫేట్ పల్చన చేస్తే టైం బాగా పెరిగింది, అంతవరకు బానే ఉంది. తర్వాత థయో కదపకుండా హెచ్‌సీఎల్ మాత్రం డబుల్ స్ట్రాంగ్‌ది పోస్తే టైం పెద్దగా మారలేదంట. యాసిడ్ ఘాటు పెరిగితే స్పీడు పెరుగుతుందనే కదా టెన్త్ నుంచి చదివేది? రికార్డులో ఏం రాయాలో తెలీక కూర్చున్నాడు.

బైపీసీ_బాబు:
కొలిజన్స్ పెరుగుతాయి కాబట్టి స్పీడు పెరగాల్సిందే ఆంటీ. స్టాప్‌వాచ్ తేడా కొట్టుంటది, మళ్ళీ చెయ్యమనండి.

పాత_లెక్చరర్:
వాచీ తప్పేం లేదు బాబూ. ఈ రియాక్షన్ ఒక్క దెబ్బలో అయ్యేది కాదు, స్టెప్పులుగా జరుగుద్ది, అందులో నిదానంగా నడిచే స్టెప్పే మొత్తం స్పీడు తేలుస్తుంది. ల్యాబ్‌లో మామూలుగా పోసే యాసిడ్ ఆ స్టెప్పుకి ముందే సరిపోయేంత ఉంటది, ఇంకా పోసినా ఒరిగేదేం లేదు. థయోకి దాదాపు ఫస్ట్ ఆర్డర్, అంటే అది డబుల్ చేస్తే స్పీడూ డబుల్; యాసిడ్‌కి జీరోకి దగ్గర, అంటే అది పెంచినా స్పీడు పెద్దగా మారదు. ఈక్వేషన్‌లో హెచ్‌సీఎల్ ముందు 2 ఉంది కదా అని ఆర్డర్ కూడా 2 అనేస్తారు పిల్లలు, అది ప్రయోగం చేసి తేల్చాల్సిందే గానీ ఈక్వేషన్ చూసి కాదు. అదే మెగ్నీషియం రిబ్బన్ వేసుంటే డబుల్ యాసిడ్‌లో బుసబుసా పొంగేది. అమ్మా, రెండుసార్లూ మొత్తం వాల్యూమ్ ఒకటే ఉంచాడా? లోతు మారితే మార్కు మాయమయ్యే టైమూ మారిపోద్ది. సల్ఫర్ డయాక్సైడ్ వస్తది, కిటికీలు తీసి చెయ్యమనండి.

ట్యాంకర్_అన్న:
మా ఫీల్డుల ఇంకా ఉల్టా. 98 శాతం సల్ఫ్యూరిక్ మామూలు స్టీల్ ట్యాంకర్లనే వస్తది, ఏం కాదు, అదే నీళ్ళు కలిసి పల్చనైతే స్టీల్‌ని తినేస్తది. చిక్కటి దాంట్ల నీళ్ళు దాదాపు ఉండవు, ఇనుము మీద సల్ఫేట్ పొర కట్టి ఆపుతది.

పాత_లెక్చరర్:
బాగా చెప్పారు. అసలు చూడాల్సింది విడిగా తిరిగే హైడ్రోజన్ అయాన్లు ఎన్నున్నాయనేది. 1 మోలార్ ఎసిటిక్ యాసిడ్‌లో వెయ్యి మాలిక్యూల్స్‌కి నాలుగే విడిపోతాయి, హెచ్‌సీఎల్‌లో దాదాపు అన్నీ. కాన్సంట్రేషన్ ఒకటే అయినా మెగ్నీషియం దగ్గర రెండిటికీ పోలికే లేదు.

గుంటూరు_అమ్మ:
వాల్యూమ్ ఒకటే ఉంచాడండి, అడిగాను. అయితే జీరో ఆర్డర్ అని రాసేయమంటారా?

పాత_లెక్చరర్:
రెండు రీడింగులతో అంత గట్టిగా వద్దమ్మా. ఇంకో మూడు నాలుగు కాన్సంట్రేషన్లు తీసి, బాగా పల్చటిది ఒకటి కూడా పెట్టి, స్పీడుకి కొలతగా 1 బై టైం గ్రాఫ్ గీయమనండి. పల్చటి దగ్గర తేడా కనిపిస్తే అదీ రాయాలి.