ప్రమాదంలో దెబ్బతిన్న 1967 బీటిల్‌ను బాగు చేయించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు ఎంతో ఇష్టంగా నడిపిన 1967 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ముందుభాగం ప్రమాదంలో నలిగిపోయింది. ఇంజిన్ వెనుక ఉండటం వల్ల దానికి దెబ్బ తగలలేదు. అయితే తలుపుల కింద పెయింటు బుడగలుగా లేచి, వేలితో నొక్కితే తుప్పు పొడి రాలుతోంది. బాగు చేయించాలా, విడిభాగాలకు ఇచ్చేయాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

జవాబు: నలిగిన ముందుభాగం కన్నా ఆ పొడే నన్ను ఎక్కువ కలవరపెడుతోందండీ. ముందు ఫెండర్లు (చక్రాలపై ఉండే రేకులు) బోల్టులతో బిగించినవే కనుక మార్చడం కష్టం కాదు. కానీ తలుపుల కింద సాగే హీటర్ ఛానెళ్లు ఇంజిన్ వైపు నుంచి వెచ్చని గాలిని తేవడమే కాక బాడీకి బలాన్నీ ఇస్తాయి కాబట్టి, లోపల అడ్డకడ్డీలు వెల్డు చేసి ఆకారం నిలపకుండా వాటిని కోస్తే తలుపులు మళ్లీ సరిగా పడవు. కార్పెట్ ఎత్తి, వెనుక సీటు కింద బ్యాటరీ ఉండే చోటు కూడా తప్పక చూడండి. అక్కడ ఆసిడ్ కారు అడుగు రేకైన ఫ్లోర్‌పాన్‌ను తినేస్తుంది.

మరో జవాబు: తుప్పు సంగతి చూసేలోపే ఫ్రేమ్ హెడ్ (ముందు ఇరుసును బిగించే, చట్రం ముందు కొన) వంగిందేమో కొలిపించండి. ముందు ఇరుసును విప్పి మార్చవచ్చు గానీ, ఫ్రేమ్ హెడ్ వెల్డు చేసి ఉంటుంది. విడిభాగాల గురించి దిగులు వద్దు. 2003 వరకు 2 కోట్లకు పైగా తయారైన కారు ఇది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. కొలతలు వచ్చేదాకా కారును ఎవరికీ ఇవ్వను.

మొదటి జవాబు ఇచ్చినవారు: మంచిది. ఈలోగా దాన్ని తడి తగలని చోట ఉంచండి.